సున్నాను కాపాడిన విధము

మా బడి పడవ ఆగస్టు నెలలో ఒక సోమవారం నాడు పోయింది. అప్పటికి మా ఆవిడ పోయి ముప్పై ఎనిమిది రోజులు. ఈ రెండింటికీ సంబంధం లేదు. కాని మా ఊళ్ళో పరామర్శకు వచ్చేవాళ్ళు రెండుసార్లు రావడం ఎందుకనుకున్నారేమో, రెండూ కలిపి ఒకేసారి పరామర్శించేవారు. "ఇంకో పదేళ్ళదాకా ఢోకా లేదనుకున్నాం మేస్టారూ" అని నిట్టూర్చేవారు. దేని గురించి అంటున్నారో నేను అడిగేవాణ్ణి కాదు. రెండింటి విషయంలోనూ నేనూ అదే అనుకున్నాను.

మాది కొత్తగట్టు ప్రాథమిక పాఠశాల. గోదావరి పాయకు ఇవతల గట్టు మీద ఉంటుంది. పాయకు అవతల వెదుళ్ళలంక. అక్కడ డెబ్బై గడప, అరటితోటలు, కూరపాదులు. బడి మాత్రం లేదు. అక్కడి నుంచి ఇరవై ముగ్గురు పిల్లలు పొద్దున్నే పడవెక్కి మా బడికి వచ్చేవారు. పడవ నడిపేవాడు పోతురాజు. వరద పెరిగిన రోజు తాడు తెగి పడవ సముద్రం దారి పట్టింది. పోతురాజు గట్టు వెంట రెండు మైళ్ళు పరుగెత్తి, ఆ తర్వాత నిలబడి చూశాడట.

"సెక్క తెచ్చి పడేయండి మేస్టారూ, ఇరవై రోజుల్లో కొత్తది దింపేత్తాను. మా బావమరిది పడవలు కడతాడు కదండీ" అన్నాడు.

ఇరవై రోజులంటే దసరా సెలవుల్లోపు అయిపోతుంది. నేను మండల కార్యాలయానికి వెళ్ళాను. అక్కడ బడికి బల్లలు కొనడానికి వీలుంది, గోడలకు రంగులు వేయడానికి వీలుంది, పడవ కొనడానికి వీలు లేదు. "మీరు పరివర్తన నిధివాళ్ళను కలవండి. వాళ్ళు కొత్త తరహా పనులకు గ్రాంట్లు ఇస్తారు" అని చెప్పారు. పడవ కొత్త తరహా పని ఎలా అవుతుందో నాకు తెలియలేదు. అయినా వెళ్ళాను.

పరివర్తన నిధి కార్యాలయం జిల్లా కేంద్రంలో, రెండో అంతస్తులో ఉంది. అక్కడి ప్రాజెక్టు సమన్వయాధికారి త్రివిక్రమం గారు మర్యాదస్తులు. నేనిచ్చిన కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. అందులో ఐదు వాక్యాలున్నాయి. వెనకవైపు ఏమీ లేదు.

"మేస్టారూ, ఇందులో ఏముంది?" అన్నారు.

"పడవ కావాలని ఉందండి."

"అదే దోషం. మేము వస్తువులు ఇవ్వం. మార్పు ఇస్తాం."

"పడవ ఇస్తే పిల్లలు బడికి వస్తారండి. అది మార్పే కదా."

"అయితే మార్పు గురించి రాయండి. పడవ అందులో అంతర్లీనంగా ఉంటుంది. ఎక్కడా పైకి తేలకూడదు."

తేలని పడవతో ఏం చేసుకుంటామని అడగబోయి మానుకున్నాను. ఆయన నలభై ఆరు పేజీల ప్రతిపాదన పత్రం చేతికిచ్చి, రెండు నియమాలు చెప్పారు. మొదటిది, ఎక్కడా వస్తువు పేరు రాయకూడదు. రెండోది, ఎక్కడా లోటు ఉందని రాయకూడదు. లోటున్న చోట అవకాశం ఉందని రాయాలి.

నేను ముప్పై ఏళ్ళుగా పిల్లలకు వ్యాసరచన నేర్పుతున్నవాణ్ణి. ఉన్నది ఉన్నట్టు రాయమని చెబుతూ వచ్చాను. ఆ వారం రోజులూ నేనే కొత్తగా పలక పట్టాను. 'పడవ' అన్న చోట 'జలమార్గ ఆధారిత విద్యా ప్రాప్యత వేదిక' అని రాశాను. 'పోతురాజు' అన్న చోట 'సంప్రదాయ జ్ఞాన భాగస్వామి' అని రాశాను. 'ఇరవై ముగ్గురు పిల్లలు బడికి రాలేకపోతున్నారు' అన్న వాక్యాన్ని 'ఇరవై ముగ్గురు అభ్యాసకులలో ఇంకా వినియోగంలోకి రాని హాజరు సామర్థ్యం అపారంగా ఉంది' అని మార్చాను. చదివి చూసుకుంటే పిల్లలు రాకపోవడమే బాగుందనిపించింది.

పోతురాజుకు చదివి వినిపించాను. శ్రద్ధగా విన్నాడు.

"ఆ వేదిక నీళ్ళ మీద ఉంటాదేటండీ?" అన్నాడు.

"ఉంటుంది."

"గెడ ఏత్తే కదులుద్దా?"

"కదలాలి."

"అయితే సరేనండి. నేను భాగస్వామినన్నారు, మా ఆవిడతో సెప్పొచ్చా?"

పత్రంలో ఒక్క గడి దగ్గర మాత్రం నాకు చేయి సాగలేదు. 'సిబ్బంది ఖాళీలు, వాటి ద్వారా కలిగే అవకాశం' అని ఉంది. మా బడిలో ఇద్దరమే టీచర్లం. ఒకటి, రెండు తరగతులు మా ఆవిడ చెప్పేది. ఖాళీ సంఖ్య దగ్గర ఒకటి అని వేశాను. అవకాశం దగ్గర ఏమీ రాయలేదు.

త్రివిక్రమం గారు అది చూసి, "ఇక్కడ ఏదో ఒకటి రాయాలి మేస్టారూ. 'మానవ వనరుల పునర్వ్యవస్థీకరణకు అనుకూల వాతావరణం' అందాం. పది మందికి అలాగే రాయించాను" అన్నారు.

"అది అలాగే ఉండనివ్వండి" అన్నాను.

"ఒక మార్కు పోతుంది."

"పోనివ్వండి."

ఆయన నా వంక చూసి పేజీ తిప్పారు. మర్యాదస్తులని ముందే చెప్పాను.

ముప్పై ఒకటో పేజీలో 'ప్రారంభ స్థితి' అని ఒక పట్టిక ఉంది. గ్రాంటు ఇవ్వక ముందు పరిస్థితి ఎలా ఉందో అందులో నమోదు చేయాలి. రేపు వచ్చిన మార్పును దానితో పోల్చి కొలుస్తారు. లంక నుంచి రోజూ బడికి వస్తున్న పిల్లల సంఖ్య ఎంత అని అడిగారు. సున్నా అని రాశాను.

త్రివిక్రమం గారు కుర్చీలోంచి లేచారు.

"సున్నాయేనా? ఒక్కరు కూడా రావడం లేదా?"

"పడవ లేదు కదండీ."

"మేస్టారూ, మీకు తెలుస్తోందా? ఈ జిల్లాలో ఇంత స్వచ్ఛమైన సున్నా నేను చూడలేదు. అందరూ నలభై శాతమనీ, అరవై శాతమనీ పట్టుకొస్తారు. వాటి మీద ఎంత కష్టపడినా ఏం మార్పు చూపిస్తాం? మీది సున్నా. రేపు ఒక్క పిల్ల బడికి వచ్చిందంటే అనంత శాతం పెరుగుదల!"

పక్క గదుల్లోని వాళ్ళను కూడా పిలిచి చూపించారు. వాళ్ళు నాతో కరచాలనం చేశారు. సంతకాలు చేసి, నెల రోజుల్లో నిర్ణయం వస్తుందని చెప్పి, నన్ను లిఫ్టు దాకా సాగనంపారు.

నేను తిరిగి వచ్చేసరికి వరద తీసింది. లంకవాళ్ళకు చేపలు పట్టుకునే చిన్న దోనెలు నాలుగైదున్నాయి. ఒక్కో దోనెలో పెద్దమనిషి కాక ఇద్దరు పిల్లలు పడతారు. మరుసటి గురువారం పొద్దున నేను గంట కొట్టేసరికి ఆరుగురు పిల్లలు తడిసిన పావడాలు పిండుకుంటూ వరండాలో నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు ఐదో తరగతి చదివే ఎస్తేరు ఉంది.

నాకు సంతోషం కలిగింది. రిజిస్టరులో ఆరుగురికీ హాజరు వేశాను. మధ్యాహ్నం ఆరు గుడ్లు ఎక్కువ వండించాను. ఆ గుడ్ల లెక్క ఫోన్లో పైకి వెళుతుందనీ, పైనుంచి పక్కకు వెళుతుందనీ నేను ఆలోచించలేదు. సోమవారం నాటికి త్రివిక్రమం గారు జీపులో దిగారు. ముఖం వాడిపోయి ఉంది.

"మేస్టారూ, ఏం చేశారు మీరు? సున్నా చెడిపోయింది!"

"ఆరుగురు వచ్చారండి. మంచిదే కదా?"

"ఎవరికి మంచిది? ప్రతిపాదనలో సున్నా అని ధ్రువీకరించారు. తనిఖీ బృందం వచ్చేసరికి సున్నా కనిపించాలి. ఆరు కనిపిస్తే ఏమంటారు? గ్రాంటు లేకుండానే మార్పు వచ్చేసింది, ఇక వీళ్ళకు గ్రాంటు ఎందుకంటారు. మార్పు రావచ్చు. కాని సమయానికి ముందు రాకూడదు."

"మరి ఇప్పుడేం చేయమంటారు?"

"ప్రారంభ స్థితిని పరిరక్షించాలి. మూడు వారాలు చాలు."

విద్యా కమిటీ ఛైర్మన్ కరుణమ్మది లంకే. ఎస్తేరు ఆమె కూతురు. ఆ సాయంత్రం కూతుర్ని తీసుకెళ్ళడానికి దోనెలో వచ్చినప్పుడు గట్టు మీదే నిలబెట్టి సంగతి చెప్పాను. ఆమె తెడ్డు భుజాన వేసుకుని విన్నది.

"ఉండండి మేస్టారూ, నన్ను సెప్పనీండి. మా పిల్లలు బడికి రాకపోతే మనకి పడవత్తది. పడవత్తే మా పిల్లలు బడికొత్తారు. అంతేనా?"

"అంతేనమ్మా."

"ఇప్పుడు వత్తన్నారు గాబట్టి పడవ రాదు."

"అవును."

"పడవ రాపోతే మిగిలిన పదేడు మందీ రాలేరు."

"అవును."

"ఆయనకి పిల్లలున్నారా?"

"అడగలేదమ్మా."

"ఉంటే ఇసుమంటి బడికే పంపుతాడేమో అడగండి" అంది. ఆ తర్వాత నీళ్ళ వంక చూసింది. శనివారం నాడు ఒక దోనె పక్కకు ఒరిగి ఇద్దరు పిల్లల సంచులు నీళ్ళలో పడ్డాయి. సంచుల బదులు ఏం పడి ఉండేదో లంకలో తల్లులందరూ అప్పటికే అనుకుని ఉన్నారు. "మూడంటే మూడు వారాలు. మీ మొకం సూసి ఒప్పుకుంటన్నాను, ఆయన మొకం సూసి కాదు" అని కూతుర్ని దోనె ఎక్కించుకుంది.

పిల్లల్ని బడికి రావద్దని చెప్పిన మాట నాదే. దాన్ని మరొకరి మీదకు తోసేయడానికి వీల్లేదు.

తనిఖీ బృందం ఐదో వారంలో వచ్చింది. నలుగురు. ఖాళీ బల్లలను ఫోటో తీశారు. ఒకాయన బల్లల కింద కూడా వంగి చూశాడు. సున్నా చెక్కుచెదరలేదని రాసుకున్నారు. అయితే కొత్తగా ఒక లోపం బయటపడింది.

"పిల్లలందరికీ ఒకేసారి మేలు చేస్తే, ఆ మేలు మీ వల్లే జరిగిందని రుజువేమిటి?" అని వాళ్ళలో పెద్దాయన అడిగాడు. "వాళ్ళను రెండు భాగాలు చేయాలి. ఒక భాగం ప్రయోజన బృందం. రెండోది తులనాత్మక బృందం. మొదటివాళ్ళకు వేదిక అందుతుంది. రెండోవాళ్ళకు అందదు. మూడేళ్ళ తర్వాత ఇద్దరినీ పోల్చి చూస్తాం."

"మూడేళ్ళంటే, ఐదో తరగతి వాళ్ళు ఎనిమిదిలో ఉండాలండి."

"మొదటి బృందం ఉంటుంది. రెండో బృందం ఉండకపోతే అదే మన విజయం!"

ఇరవై మూడును రెండు సమాన భాగాలు చేయడం కుదరలేదు. ఒక పిల్లను పెంచగలరా అని అడిగారు. ఊళ్ళో విచారిస్తానన్నాను. చివరకు పన్నెండు, పదకొండు అని ఒప్పుకున్నారు. చీటీలు వేశారు. ఎస్తేరు పేరు పదకొండులో పడింది. త్రివిక్రమం గారు కరుణమ్మకు ఫోన్ చేసి, "తులనాత్మక బృందంలో ఉండటం కూడా భాగస్వామ్యమేనమ్మా. మీ అమ్మాయి రాకపోవడం వల్ల మిగతావాళ్ళ రాక విలువ తెలుస్తుంది" అని నచ్చజెప్పారు.

కరుణమ్మ ఫోన్లో ఏమందో నాకు తెలియదు. త్రివిక్రమం గారు మాత్రం రెండు నిమిషాలు ఫోన్ చెవికి దూరంగా పట్టుకున్నారు.

ఆ రాత్రి నేను ప్రతిపాదన వెనక్కు తీసుకుందామనుకున్నాను. పొద్దున్నే కరుణమ్మే కబురు పంపింది. పన్నెండు మందికైనా పడవ రానివ్వమంది. పడవంటూ నీళ్ళలోకి దిగాక అందులో ఎవరెక్కుతారో పోతురాజు చూసుకుంటాడని చెప్పించింది. నాకూ అది సబబుగానే తోచింది. ఒప్పంద పత్రం మీద సంతకం పెట్టాను. ఇతర మార్గాల ద్వారా పిల్లలను బడికి రప్పించబోమనీ, మాట తప్పితే పథకం మొత్తం రద్దవుతుందనీ అందులో ఉంది.

నవంబరు నెలాఖరున ఉత్తరం వచ్చింది. మా ప్రతిపాదనకు తొంభై తొమ్మిది మార్కులు. నిధి చరిత్రలో అంత వచ్చిన ప్రతిపాదన మరొకటి లేదట. అభినందనలు తెలిపారు. ప్రతిపాదనలో నలభై ఐదు పేజీలను యథాతథంగా ఆమోదించారు. పంతొమ్మిదో పేజీలోని 'వేదిక' అనేది పరిశీలనలో ఒక వస్తువుగా తేలినందున, దాన్ని తొలగించారు. మొదటి దశలో మార్పును కొలిచే ఏర్పాట్లు చేస్తారు. ఆ కొలతలు సంతృప్తికరంగా ఉంటే రెండో దశలో మార్పు చేపడతారు.

నేను ఉత్తరం రెండుసార్లు చదివి పోతురాజుకు చెప్పాను.

"అంటే పడవ లేదాండి?"

"ఒకటుంది. కొలిచేవాళ్ళు లంకకు వెళ్ళి రావాలి కదా. వాళ్ళకు మోటారు పడవ మంజూరైంది. నడపడానికి నిన్ను తీసుకోమన్నారు."

పోతురాజు తలపాగా విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. "సంప్రదాయ జ్ఞానానికి మోటారా అండీ?" అన్నాడు.

డిసెంబరులో ప్రారంభోత్సవం జరిగింది. పడవ చూడముచ్చటగా ఉంది. నీలం రంగు, పైన గుడ్డ పందిరి, ఇరవై నాలుగు సీట్లు, ప్రతి సీటు మీదా ఒక నారింజరంగు తేలుడు చొక్కా. రాజధాని నుంచి నిధి అధ్యక్షులు వచ్చారు. రేవులో షామియానా వేశారు. పడవ లంకకు వెళ్ళింది. అవతల గట్టున పిల్లలు రెండు వరసల్లో నిలబడ్డారు. ప్రయోజన బృందానికి పసుపు టోపీలు, తులనాత్మక బృందానికి తెల్ల టోపీలు ఇచ్చారు. రెండు వరసలూ పడవనే చూస్తున్నాయి.

అధ్యక్షులు దిగి మాట్లాడారు. "ఈ ఇరవై ముగ్గురూ నాలుగు నెలలుగా ఒక్క రోజు కూడా బడికి వెళ్ళకుండా చూపిన క్రమశిక్షణ రాష్ట్రానికే ఆదర్శం" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. పిల్లలు కూడా కొట్టారు. వాళ్ళను ఎవరైనా మెచ్చుకుని చాలా రోజులైంది.

కరుణమ్మ జనంలోంచి ముందుకు వచ్చింది.

"బాబూ, ఇందాక మీరు నలుగురే వచ్చారు. ఎళ్ళేటప్పుడూ నలుగురే ఎళ్తారు. ఇరవై సీట్లు కాళీ. మా పిల్లల్ని ఎక్కించుకుని బడికాడ దింపేత్తే సరిపోద్ది కదా?"

అధ్యక్షులు త్రివిక్రమం గారి వైపు చూశారు. త్రివిక్రమం గారు గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, మీరు దీన్ని పడవ అనుకుంటున్నారు. ఇది పర్యవేక్షణ సాధనం."

"నీళ్ళ మీద తేలతంది కదండీ."

"తేలడం దాని లక్షణం. ఉద్దేశం కాదు."

"మరి మా పిల్లలెక్కితే మునుగుద్దా?"

"ఫలితాలు మునుగుతాయమ్మా" అన్నారాయన. ఆ మాట బాగుందని అధ్యక్షులు కార్యదర్శి చేత రాయించుకున్నారు.

తిరుగు ప్రయాణంలో పోతురాజు మోటారు కట్టేసి మధ్యలో ఒక నిమిషం పడవ ఆపాడు. ఏమైందని త్రివిక్రమం గారు అడిగారు. "బరువు సాల్డం లేదండి, గాలికి ఊగుతంది. ఇరవై మంది పిల్లలుంటే నిలకడగా ఉండేది" అన్నాడు. వారం తిరక్కుండా నిధివారు ఇరవై ఇసుక బస్తాలు మంజూరు చేశారు. సీటుకొకటి చొప్పున కట్టించారు. తేలుడు చొక్కాలు లెక్కకు సరిపోవాలి కాబట్టి వాటికే తొడిగారు.

ఇప్పుడు ఫిబ్రవరి. ప్రతి సోమవారం సాయంత్రం బడి వదిలాక పర్యవేక్షణ సాధనం లంకకు వెళుతుంది. స్థానిక భాగస్వామిగా నేనూ వెళ్ళాలి. పిల్లల అభ్యసన స్థాయిని కొలవడం నా బాధ్యత. దీనికీ నియమావళి ఉంది. నేను ప్రశ్న అడగవచ్చు, జవాబు చెప్పకూడదు. పిల్లలు తప్పు చెబితే రాసుకోవచ్చు, సరిదిద్దకూడదు. సరిదిద్దితే అది బోధన కిందికి వస్తుంది. బోధన జరిగితే తులన చెడుతుంది. తులన చెడితే రెండో దశ రద్దవుతుంది. రెండో దశలోనే పిల్లల పడవ ఉంది. నా పక్కన నిధి తరఫు కుర్రాయన ఫోన్లో అంతా రికార్డు చేస్తుంటాడు. మంచివాడే. రెండో తరగతి పిల్లల దగ్గర ఒకటి రెండుసార్లు తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ పిల్లలు మా ఆవిడ దగ్గర గుణింతాలు మొదలుపెట్టినవాళ్ళు. మొదలుపెట్టిన చోటే ఉన్నారు.

పోయిన సోమవారం ఎస్తేరు వంతు వచ్చింది. తెల్ల టోపీ మాసిపోయింది. కింద కూర్చుని, పుల్లతో ఇసుకలో గీతలు గీస్తోంది.

"పన్నెండులో మూడో వంతు ఎంత?" అని అడిగాను.

ఇసుకలో పన్నెండు చుక్కలు పెట్టింది. మూడేసి చొప్పున సున్నాలు చుట్టింది. ఒక సున్నాలో చుక్కలు లెక్కపెట్టింది.

"మూడు" అంది.

నేను కాగితంలో రాసుకున్నాను.

"ఒప్పేనా మేస్టారూ?"

కుర్రాయన ఫోను పట్టుకుని ఉన్నాడు. పోతురాజు రేవులో మోటారు తాడు లాగకుండా నిలబడి ఉన్నాడు. కరుణమ్మ ఇంటి గుమ్మంలోంచి నన్నే చూస్తోంది.

"మేస్టారూ, ఒప్పేనా?"

తర్వాతి ప్రశ్న అడిగాను. నియమావళి ప్రకారం అడగాల్సింది అదే. ఆమె నా ముఖం వంకే చూస్తూ కూర్చుంది.

పన్నెండులో మూడో వంతు మూడు కాదని ఆ పిల్లకు నేనింకా చెప్పలేదు.